వేడి పానీయాలు

మా అమ్మ టీ కొట్టు మానెయ్యలేదు. మాన్పించారు. ఈ రెండింటికీ తేడా తెలియనివాళ్ళూ, తెలిసినా తెలియనట్టు కూర్చునేవాళ్ళూ కలిసి, అమ్మ పోయి ఏడాదైందని, మొన్న సంఘం హాల్లో కూడారు. చల్లటి గది, మెత్తటి కుర్చీలు, గోడకి లేత రంగు. తెల్ల చొక్కా, టై కట్టుకున్న కుర్రాడొకడు మైకు ముందు నిలబడి, "సిస్టర్ నరసమ్మగారు సత్యం తెలుసుకున్న మరుక్షణమే, హార్బరు గేటు దగ్గర తనకున్న టీ కొట్టుని సంతోషంగా విడిచిపెట్టారు" అన్నాడు. "సంతోషంగా" అనే చోట గొంతు వణికించాడు కూడా. ముందు వరసలో చక్రాల కుర్చీలో కూర్చున్న మా సత్యం మావయ్య, అమ్మకి సొంత అన్న, తలూపాడు. ఆ కుర్రాడు అమ్మని చూసింది ఆవిడ చివరి రోజుల్లోనే. కొట్టు అతను పుట్టక ముందే పోయింది. అతన్ననుకుని లాభం లేదు, ఎవరో చెప్పింది అప్పజెప్పాడు. ఆ ఎవరో ఎవరన్నదే నా గొడవ.

నేను అక్కడే లేచి అడుగుదామనుకున్నాను. పక్కన మా అమ్మాయి నా కొంగు పట్టుకుని "అమ్మా, ప్లీజ్" అంది. అంచేత ఇక్కడ రాస్తున్నాను. కాగితానికి కొంగు పట్టుకుని లాగేవాళ్ళుండరు.

మేం జ్ఞానాపురంలో ఉండేవాళ్ళం. రైలు పట్టాలకీ పోర్టుకీ మధ్య, రెండు గదుల పెంకుటిల్లు. నాన్న పోర్టులో కలాసీ. పద్మనాభం దగ్గర పల్లె నుంచి పొలం పనులు వదిలి వచ్చినవాడు. ఆ రోజుల్లో ఓడలోకి ఇనప ఖనిజం ఎత్తుతుంటే లేచే ఎర్ర ధూళి వీధంతా కమ్మేది. దండెం మీద తెల్ల బట్ట ఆరేస్తే సాయంత్రానికి ఇటికె రంగు. ముక్కు చీదితే ఎరుపు. అన్నం కుండ మీద మూత, మూత మీద తడిగుడ్డ. మా మామ్మ, అంటే నాన్నని కన్న తల్లి, అరుగు మీద కూర్చుని "ఈ ఊళ్ళో దుమ్ము తిని బతుకుతన్నాం, అన్నం నంజుకుంతన్నాం" అనేది. అలాంటి ధూళిలో, గేటుకి ఎడమపక్క ప్రహరీ గోడ వారగా, నాలుగు రాటలు పాతి, పైన ఓడ సరుకుల మీద కప్పే పాత టార్పాలిన్ లాగి కట్టుకుని, అమ్మ టీ అమ్మేది.

తెల్లారగట్ట లేచేది. పొయ్యి రంపపు పొట్టుది. డబ్బా మధ్యలో సీసా నిలబెట్టి, చుట్టూ పొట్టు కూరి, సీసా జాగ్రత్తగా పైకి లాగేసి, అడుగు కన్నంలోంచి నిప్పు పెట్టేది. అలా కూరడం ఒక విద్య. వదులైతే భగ్గున మండిపోతుంది, బిగువైతే పొగే తప్ప మంట రాదు. ఆ పొట్టు పొగా, నలగ్గొట్టిన అల్లం, కాగిన పాలూ కలిసిన వాసన అమ్మ చీరల్లో ఉండేది. చాకిరేవుకి వెళ్ళొచ్చినా పోయేది కాదు. నేను ఆ వాసనలో తల పెట్టి పడుకునేదాన్ని. మొదటి షిఫ్ట్ సైరన్ మోగేలోపు డికాక్షన్ సిద్ధం. కలాసీలు, లారీ డ్రైవర్లు, పడవల మీద వచ్చిన జాలర్లు, అందరికీ ఆవిడ "అప్ప", అంటే అక్క. ఏ బెర్తు మీదకి ఏ ఓడొచ్చిందో, ఏ గ్యాంగుకి ఇవాళ పని లేదో అమ్మకి తెలిసినంతగా లోపల మేస్త్రీలకి తెలిసేది కాదు. ఇద్దరు కలాసీలు కాలర్లు పట్టుకుంటే, గరిట చేత్తో పట్టుకుని మధ్యలోకి వెళ్ళి, "ఒరే, కొట్టుకుంతే అటెల్లి కొట్టుకోండి, నా పాలల్లో దుమ్ము పడతన్నాది" అనేది. విడిపోయేవారు. ఇంట్లో నాన్న ముందు నోరెత్తని మనిషి, అక్కడ గేటు దగ్గర రాజ్యం చేసేది. నేను మాట్లాడడం నేర్చుకున్నది ఆ గేటు దగ్గర.

నాన్న సంగతీ చెప్పాలి. నాన్న తాగేవాడు. తాగి కొట్టేవాడు. రాసుకోవడానికి ఇందులో కొత్తేమీ లేదు, ఆ వీధిలో తాగి కొట్టనివాడు ఎవడో వెతుక్కోవాలి. సారా వాసనతో వచ్చి అరుగు మీద పడ్డ కొడుకుని మామ్మ ఈడ్చుకుంటూ లోపలికి తెచ్చేది. పొద్దున్నే అమ్మ వాచిన చెంప మీద కొంగు కప్పుకుని గేటు దగ్గర టీ పోసేది.

అప్పుడొచ్చాడు సత్యం మావయ్య. ఆయన సరుకు ఓడల మీద పనిచేసేవాడు. నాలుగు సముద్రాలూ తిరిగి, నాన్నకంటే ఎక్కువ తాగి, కనపడ్డ రేవులో కొట్లాడి, ఒకసారి జబ్బుపడి ఎక్కడో చలి దేశంలో ఓడ దిగిపోయాడట. అక్కడ మోర్మన్లనే అమెరికా క్రైస్తవ శాఖవాళ్ళ చేతిలో పడ్డాడు. తిరిగొచ్చేటప్పటికి మనిషి మారిపోయాడు. తెల్ల చొక్కా, నున్నగా గీసిన గడ్డం, చేతిలో నీలం అట్ట పుస్తకం. తాగడు, చుట్ట ముట్టడు, బూతు మాట రాదు. అక్కడే ఆయన్ని ఎల్డర్ని, అంటే సంఘం పెద్దని చేసి పంపారు. మా వీధిలో క్రైస్తవులకి కొదవ లేదు. అయినా ఇదేదో వాళ్ళకే అర్థంకాని క్రైస్తవం. సిలువ పెట్టరు, ద్రాక్షరసం బదులు నీళ్ళు పంచుతారు, పాస్టరుండడు, మగవాళ్ళందరూ పాస్టర్లే. పక్కింటి మేరీ పిన్ని "మీరు ఏ రకం కిరస్తానీలే?" అని నన్ను ఆరా తీసేది. నాకే తెలిస్తే కదా.

మావయ్య చేసిన మంచిని నేను దాచను. ఆయన నాన్నని కూర్చోబెట్టి నెలల తరబడి మాట్లాడాడు. "బావా, నాను తాగినంత నువ్వు తాగినావేటి? నానే మానీగా లేంది, నువ్వు మానలేవేటి?" అనేవాడు. నాన్న మానేశాడు. నిజంగానే మానేశాడు. సాయంత్రం ఆరింటికి ఇంటికొచ్చి, స్నానం చేసి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని లెక్కలు చెప్పించుకునే నాన్న ఎలా ఉంటాడో నేను మొదటిసారి చూశాను. అమ్మ చెంపలు రెండూ ఒకే మాదిరిగా ఉండడం కూడా అప్పుడే. అందుకని అమ్మ ఆ దేవుణ్ణి నమ్మింది. అంతకు మించిన వేదాంతం ఆవిడకి అక్కర్లేదు, నాకూ అక్కర్లేదు.

బాప్తిస్మం భీమిలిలో. అక్కడ నీళ్ళు కాస్త నెమ్మదిగా ఉంటాయని మావయ్య ఎంచాడు. మోర్మన్ల నియమం ఏమిటంటే, మనిషి ఒక్క వెంట్రుక కూడా పైకి కనపడకుండా మునగాలి, కనపడితే మళ్ళీ ముంచాలి. నాన్నా, నేనూ ఒక్క మునకలో తేలాం. అమ్మ ఆరు గజాల చీరలోకి గాలి దూరి, బుడగలా ఉబ్బి, మనిషి కిందికెళ్ళినా చీర పైకి తేలింది. మళ్ళీ ముంచారు. ఈసారి కొంగు. మళ్ళీ ముంచారు. ఒడ్డున వల బాగుచేసుకుంటున్న జాలరివాళ్ళు పనాపి నిలబడ్డారు. "ఒలమ్మ, ఆడమనిసిని ముంచి సంపేత్తన్నార్రా!" అని ఒక ముసలామె గుండెలు బాదుకుంది. అమ్మ నీళ్ళు కక్కుతూనే "నానే ములగతన్నాను లేయే!" అని అరిచింది. ఆ తర్వాత చాలాకాలం ఆ మాట తలుచుకుని మేమందరం నవ్వేవాళ్ళం. ఇప్పుడు నవ్వు రాదు.

మామ్మ మాత్రం చేరలేదు. తన సింహాచలం అప్పన్న తనకున్నాడంది. ఆదివారం మా ముందు గదిలో కూటం జరుగుతుంటే అరుగు మీద కూర్చుని అన్నీ వినేది. సంఘంలో అందరూ ఒకర్నొకరు బ్రదర్, సిస్టర్ అనాలి. మావయ్యకి సొంత చెల్లెలు "సిస్టర్ నరసమ్మ". నాన్న "బ్రదర్ అప్పారావు", కానీ నోరు తిరక్క మావయ్య చాలాసార్లు "బ్రదర్ బావా" అనేసేవాడు. నాన్న ఒకసారి అమ్మని పట్టుకుని "సిస్టర్, మంచినీలు తే" అన్నాడు. అరుగు మీంచి మామ్మ కేక వేసింది. "మొగుడూ పెళ్ళాన్ని అన్నా సెల్లెల్ని సేసీసినార్రా! ఈ ఇంట్లో నానుండను, నన్ను పద్మనాభం బస్సెక్కించీండి!" ఆ రోజు ప్రార్థన మధ్యలో ఆగిపోయింది.

అసలు సంగతికి వస్తున్నాను. ఆ మతంలో ఒంటికి సంబంధించిన నియమం ఒకటుంది. సారా వద్దు, పొగాకు వద్దు, వేడి పానీయాలు వద్దు. ఆ వేడి పానీయాలంటే టీ, కాఫీ అని ఆ సంఘంలో అందరికీ తెలుసట, ప్రపంచమంతా. మాకు తెలియదు. మాకు తెలిసిన ప్రపంచం మావయ్య నోరు. ఆయన ఇంగ్లీషులో చదివి, "వేడి పానీయాలు" అని తెలుగు చేసి, అక్కడితో ఆగాడు. మా ఇంట్లో వేడిగా ఉండి, తాగడానికి వీలైనది ఏదైనా వేడి పానీయమే అయింది. చారు చల్లారాక పోసుకోవాలి. అంబలి చల్లారాలి. గంజి చల్లారాలి. కూటంలో మగవాళ్ళు దీని మీద వాదించుకున్నారు. గోరువెచ్చన వేడి కిందికి వస్తుందా రాదా? పప్పులుసు పానీయమా, కూరా? మావయ్య చారు గిన్నెలో చిటికెన వేలు ముంచి, ఆలోచించి, "పర్వాలేదు, తినొచ్చు" అని తీర్పిచ్చేవాడు. మామ్మకి దగ్గు పట్టి మిరియాల కషాయం పెట్టుకుంటే, నాన్న గిన్నె లాక్కుని చల్లారబెట్టాడు. మామ్మ అంది కదా, "ఏటిరా, మీ దేవుడికి నాలిక కాలిందేటి?"

అమ్మ మాత్రం నవ్వలేదు. అమ్మకి దీని కొస ఎక్కడ తేలుతుందో తెలిసిపోయింది. అడగవలసినవి అడిగింది. నేను పక్కనే ఉన్నాను, ఆ మాటలు నాకు అక్షరం అక్షరం గుర్తు.

"అన్నియ్యా, సల్లారిన సారు తాగొచ్చు కదా. మరి సల్లారిన టీ తాగొచ్చేటి?"

"తాగకూడదు" అన్నాడు మావయ్య.

"మరి వేడిదా తప్పు, టీదా?"

"రెండిటిదీ."

"సరే, నాను తాగను. తాగకూడదన్నారు గాని, అమ్మకూడదని యెక్కడున్నాది? సూపించు."

"నువ్వు తాగనిది ఇంకోడి సేత తాగిత్తే, ఆ పాపం యెవులికి సుట్టుకుంతాది సెల్లీ?"

"బావిలో నీలు తోడి ఒకడికి పోత్తే, ఆడు పోయి ఆ బావిలోనే ములిగి సత్తే పాపం నాదేటి?"

మావయ్య నాన్న వైపు చూశాడు. నాన్న అప్పుడన్న మాట నాకు ఈనాటికీ నోట్లో చేదుగానే ఉంటుంది. "నానే సారా మానీసినాను. నువ్వు టీ కొట్టు మానలేవేటే?"

అమ్మ ఆ పైన ఇంకో మాట ఎత్తలేదు. ఎలా ఎత్తుతుంది? ఆ మాటకి జవాబు చెబితే, ఆయన మళ్ళీ సారా దుకాణానికి వెళితే? ఆ భయం ఆవిడ మెడ మీద కత్తి. తప్పు మానుకున్నవాడికీ, పని మానుకున్నదానికీ ఒకటే పేరు పెట్టారు, త్యాగమని. ఆయన మానింది భార్యని కొట్టించే సారా. ఆవిడ మానింది మా కడుపులు నింపిన పొయ్యి. రెండింటినీ తక్కెట్లో వేసి సమానమన్నారు.

ఇంకో సంగతి, ఎవరూ మైకులో చదవనిది. అదే రోజుల్లో ఒక గుమాస్తాగారి కుటుంబం కూటానికి రావడం మొదలుపెట్టింది. ఇస్త్రీ బట్టలు, పిల్లలకి బూట్లు. ఆ గుమాస్తాగారి భార్య ఒక ఆదివారం మావయ్యని, "మీ చెల్లెలుగారు ఆ గేటు దగ్గర, అంతమంది మగాళ్ళ మధ్య కూర్చుంటారటండీ?" అంది. ఎంతో మెత్తగా అంది. మావయ్య చెవులు ఎర్రబడడం నేను చూశాను. అప్పటిదాకా చారు గిన్నెల్లో వేలు ముంచడం దగ్గరే ఉన్న నియమం, సరిగ్గా ఆ తర్వాతే గేటు దాకా వెళ్ళింది. కాకతాళీయం అంటారా? అనండి.

మోర్మన్లలో ఎవరికైనా ఏ బాధ్యతైనా ఇచ్చేటప్పుడు, సమ్మతమైనవాళ్ళు కుడి చెయ్యెత్తమంటారు. ఆ తర్వాత, అసమ్మతి ఉన్నవాళ్ళు ఎత్తమంటారు. రెండోది ఉత్త ఆచారం, ఎవరూ ఎత్తరు. అమ్మని ఆడవాళ్ళ సహాయక సంఘానికి పెద్దని చేస్తున్నామనీ, అందుకు ముందుగా సిస్టర్ నరసమ్మ టీ వ్యాపారం విడిచిపెడుతున్నారనీ మావయ్య ప్రకటించాడు. రెండు విషయాలూ ఒకే ముడిలో కట్టాడు. చేతులు లేచాయి. నాన్న చెయ్యి అందరికంటే ఎత్తున. అమ్మ కూడా ఎత్తింది, మోచెయ్యి ఒంట్లోకి అదుముకుని, బస్సులో టికెట్టు అడిగినట్టు. "అసమ్మతి ఉన్నవారు?" అన్నాడు మావయ్య, కాగితం మడతపెడుతూనే. నేను ఎత్తాను. తొమ్మిదో తరగతి చదువుతున్నాను, బాప్తిస్మం పొందినదాన్ని, నాకూ హక్కుంది. ముందు గుమాస్తాగారి భార్య ముసిముసిగా నవ్వింది, తర్వాత అందరూ నవ్వారు. "సిన్నగుంట, తెలీదు" అన్నాడు నాన్న. నా చెయ్యి పట్టి దించింది మాత్రం నాన్న కాదు, అమ్మ. గట్టిగానే దించింది.

పొట్టు పొయ్యి పాత ఇనప సామాన్లవాడు పట్టుకెళ్ళాడు. టార్పాలిన్ మా వంటగది మీద కప్పారు. అమ్మకి సహాయక సంఘం పెద్దరికం వచ్చింది. దాని అర్థం ఆదివారం ముందు గది ఊడ్చడం, బల్ల మీద గుడ్డ ఉతికి ఇస్త్రీ చెయ్యడం, జబ్బుపడ్డవాళ్ళ ఇళ్ళకి అన్నం పట్టుకెళ్ళడం. రొట్టె ముక్కలూ నీళ్ళూ దీవించేది మగవాళ్ళు, పంచేది మగవాళ్ళు. మీసం రాని పిల్లాడైనా పంచవచ్చు, ఆడది పంచకూడదు. తెల్లారగట్ట నుంచి సాయంత్రం దాకా పోర్టంతటికీ గ్లాసులందించిన చెయ్యి, చిన్న చిన్న నీళ్ళ గ్లాసులున్న పళ్ళెం అందించడానికి పనికిరాలేదు. ఎంగిలి గ్లాసులు కడగడానికి పనికొచ్చింది. నేను అడిగాను, ఎందుకని. "అది యాజకత్వం" అన్నాడు మావయ్య, అంటే ఆ అధికారం మగవాళ్ళదేనని. ఇప్పటి పిల్లలు ఫోన్లలో ఇదే ప్రశ్న అడుగుతున్నారనీ, పెద్దవాళ్ళు తల పట్టుకుంటున్నారనీ వింటున్నాను. అడగండమ్మా అడగండి, మీకంటే ముందు అడిగిందానికి జవాబు రాలేదు.

గేటు దగ్గర అప్ప, ఇంట్లో మనిషైపోయింది. కలాసీలు కొన్నాళ్ళు వీధి చివర ఎదురైతే "అప్పా, కొట్టెప్పుడు పెడతావు?" అనేవారు. అమ్మ చేతులు ఊరుకునేవి కావు. వంటింట్లో ఉత్త గ్లాసు ఎత్తి, ఇంకో గ్లాసులోకి పోస్తున్నట్టు వంచి, దించేసేది. గొంతు తగ్గింది. ముందు నా మీద, తర్వాత అందరి మీదా తగ్గింది. ఎవరైనా ఇంటికొస్తే కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, సిగ్గుపడి నిలబడేది. మా వాళ్ళలో చుట్టమొస్తే టీ ఇవ్వకపోవడమంటే మొహాన తలుపెయ్యడమే. పద్మనాభం నుంచి వచ్చిన అత్త ఒకత్తె "మావేటి పాపం సేసినామొదినా, టీ చుక్కయినా పొయ్యలేకపోనావు" అని ఏడుస్తూ వెళ్ళిపోయింది. ఆ ఇంటితో రాకపోకలు మళ్ళీ కలవలేదు.

ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న రోజుల్లో నాన్న అటు పనికి మారాడు. ఆ మట్టి పనుల్లో, కొత్త స్నేహాల్లో, మళ్ళీ తాగాడు. ఒకరోజు కాదు, కొన్ని నెలలు. తర్వాత కూటంలో లేచి ఏడ్చాడు. మావయ్య కౌగిలించుకున్నాడు. కొన్నాళ్ళు రొట్టె దీవించవద్దని పక్కన కూర్చోబెట్టి, తర్వాత మళ్ళీ బల్ల దగ్గరికి పిలిచారు. క్షమించడం మంచిదే, నేను కాదనను. కానీ ఆయన తన మాట తప్పాడు కనుక, ఆ మాటకి బదులుగా తీసుకున్న కొట్టు అమ్మకి తిరిగిచ్చెయ్యాలని ఆ గదిలో ఒక్కరికీ తట్టలేదు. నేను అన్నాను. "నోరు ముయ్యవే" అంది అమ్మే.

నేను డిగ్రీలో ఉండగా విదేశం నుంచి ఒక ముసలి దంపతులు వచ్చారు. మా లాంటి చిన్న సంఘాలని చూసిపోవడానికి. ఆయన ఎండకి కందిపోయి, ఆవిడ పూల గౌను వేసుకుని, మా ముందు గదిలో చాప మీద కూర్చున్నారు. ఇంగ్లీషు వచ్చు గనుక మాటలు తిప్పే పని నాది. భోజనం దగ్గర అమ్మ ఆవిడకి చల్లారిన చారు పోసింది. ఆవిడ తాగి, బాగుందంది, కాస్త వేడి చేస్తే ఇంకా బాగుంటుందేమో అని మొహమాటంగా అంది. నేను అప్పుడు మా సంగతంతా ఆవిడకి చెప్పాను. ఆవిడ ముందు అర్థంకాక చూసింది, తర్వాత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నియమం టీకీ కాఫీకీ అంతేననీ, చారుకీ గంజికీ కషాయానికీ కాదనీ, తన వంటింట్లో ఏడాది పొడుగునా పులుసులు ఉడుకుతూనే ఉంటాయనీ చెప్పింది. టీ అమ్మడం గురించి అడిగాను. తాగొద్దన్నారు గాని అమ్మొద్దని తనెక్కడా వినలేదంది, అది ఎవరి మనస్సాక్షిని బట్టి వాళ్ళు నిర్ణయించుకోవాలంది. నేను ప్రతి మాటా గట్టిగా, గదంతా వినపడేలా, తెలుగులో చెప్పాను. గుమాస్తాగారు దగ్గారు. నాన్న చాప అంచు పీకడం మొదలుపెట్టాడు. మావయ్య "తర్జుమాలో తేడా వచ్చి ఉంతాది" అన్నాడు. అంతే. అన్నేళ్ళకి అంతే. అరుగు మీద మామ్మ "సారు వేడి సేసి తేయే, ఇన్నేల్లకి ఒక్క ముద్ద సుకంగా తింతాను" అంది. అందరూ హాయిగా నవ్వేశారు. అమ్మ చారు గిన్నె పట్టుకుని లోపలికి వెళ్ళింది.

నేను వెనకే వెళ్ళాను. నా ఒళ్ళంతా సంబరంగా ఉంది. "అమ్మా, రేపే వెళ్ళి గేటు దగ్గర చూద్దాం. గోడవార జాగా ఇంకా ఖాళీగానే ఉంది" అన్నాను. అమ్మ పొయ్యి వైపు తిరిగి ఉంది.

"నిన్నడగమన్నానేటి?"

"అదేంటమ్మా, నీ కొట్టే కదా. తప్పు లేదంటున్నారు కదా."

"ఏటని సెప్పి తెరవమంతావు? పొరపాటైపోనాదని బోర్డు రాయించి యేలాడదీయమంతావా?" అని, కాస్త ఆగి, "ఆ మాట నిజమే అయితే, ఇన్నేల్లూ నాను ఏటి సేసినట్టే?" అంది. చారు పొంగి పొయ్యి మీద పడింది. తుడవలేదు.

ఆవిడ మళ్ళీ కొట్టు తెరవలేదు. త్యాగమనేది ఒక్కటే ఆవిడకి మిగిలింది, అది కూడా పొరపాటని ఒప్పుకుంటే చేతిలో ఏమీ ఉండదు. అందుకే మావయ్యకంటే ఎక్కువగా అమ్మే ఆ త్యాగం కథని కాపాడింది. చివరి రోజుల్లో ఎవరైనా "కొట్టు వదిలేసినారంట కదండీ" అంటే, "ఔను, ఒగ్గీసినాను" అనేది. నేను సంఘం వదిలి చాలా ఏళ్ళైంది. రుషికొండ వైపు ఆఫీసుల దగ్గర మా అమ్మాయి పనిచేస్తుంది. అక్కడ టీ అమ్మే ఆడపిల్ల ఒకత్తె నల్ల ఏప్రాన్ కట్టుకుని, నవ్వుతూ, దర్జాగా అమ్ముతుంది. ఆమెతో సెల్ఫీలు తీసుకుంటారు, పేపర్లో ఫొటో వేశారు. సొంత కాళ్ళ మీద నిలబడింది అంటారు. మా అమ్మ అంతకంటే ముందు, ఎర్రటి ధూళిలో, పైన టార్పాలిన్‌తో నిలబడింది. ఆవిణ్ణి కూర్చోబెట్టారు.

పోయిన నెల మావయ్యని చూడ్డానికి మధురవాడ వెళ్ళాను. ఎనభై దాటాడు, మంచం మీద దిళ్ళకి ఆనుకుని ఉంటాడు. సంఘం పిల్లలు నలుగురు ఆయన సాక్ష్యం వినడానికి వచ్చి కూర్చున్నారు. తాను ఎలా మారాడో చెబుతున్నాడు. ఆ చలి దేశంలో ఓడ దిగి, జ్వరంతో వణుకుతూ రేవులో కూలబడితే, ముక్కూ మొహం తెలియని మోర్మన్ కుటుంబం తనని ఇంటికి తీసుకెళ్ళిందట. ఈ భాగం నేనెప్పుడూ వినలేదు. "పెద్ద గిన్నితోటి సూపు తెచ్చి నా ముందెట్టినారు. ఈ మందాన పొగలొచ్చేత్తన్నాయి. ఆకలి మీదున్నాను కదా, గబాల్న తాగీసినాను, నాలిక కాలిపోనాది! ఆ ముసలమ్మ నవ్వి, ఊది ఊది తాగమన్నాది. ఆలందరూ అదే తాగినారు. అప్పుడనుకున్నాను, దేవుడంటూ ఉంతే ఈలింట్లోనే ఉన్నాడని." పిల్లలు కళ్ళు తుడుచుకున్నారు.

వాళ్ళు వెళ్ళేదాకా ఆగాను. తర్వాత మంచం దగ్గరికి కుర్చీ లాక్కుని, "మావయ్యా, ఆ సూపు సంగతి" అన్నాను. ఆయన నా మొహంలోకి ఒక్క క్షణం చూశాడు. "ప్రార్థన సేసుకుందారి, సుశీలా" అని కళ్ళు మూసుకున్నాడు. పెదవులు కదిలాయి. తర్వాత కదలడం ఆగింది. కళ్ళు మాత్రం తెరవలేదు. నిద్రపట్టిందో, నేను వెళ్ళిపోవాలని ఎదురుచూస్తున్నాడో తెలియలేదు. చాలాసేపు కూర్చుని లేచొచ్చేశాను.

ఆయనకింకా మాట స్పష్టంగానే ఉంది, చెవీ వినిపిస్తుంది. అందుకని అందరూ చదివే చోట అడుగుతున్నాను. మావయ్యా, వేడి వద్దన్న మనుషుల ఇంట్లోనే నాలిక కాలేటంత వేడి సూపు తాగొచ్చినవాడివి, మా అమ్మ "సూపించు" అన్న రోజున, నీకు నిజంగా తెలియకనే పాపమన్నావా, లేక చెల్లెలు గేటు దగ్గర కూర్చోవడం నీకు నామోషీ అయి అన్నావా?